రెండోసారి తొక్కితే పట్టే బ్రేకు

నిన్న పొద్దున మనవరాలిని బడికి దింపడానికి మా పెద్దోడు తన పాత పెద్ద బండిని బయటికి తీసి, ఫోను మరిచిపోయానని ఇంట్లోకి పోతే, పిల్ల ఒక్కతే ఉందని నేను పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. అలవాటు కొద్దీ కాలు బ్రేకు మీదికి పోయింది, పెడలు మెత్తగా అడుక్కంటా దిగిపోయింది. రెండోసారి తొక్కితే గానీ పట్టలేదు. ఇదేందిరా అని వాడిని అడిగితే, "రెండుసార్లు కొడ్తే పట్టుకుంటాదిలేమా, మొన్ననే బ్రేకుల్లో గాలి తీపిచ్చినా గదా" అన్నాడు. దిగి వెనక చక్రం లోపలికి వంగి చూశాను. గాలి తీయాలంటే విప్పాల్సిన నిపిల్ మర మీద ఎర్రమట్టి పెచ్చుకట్టి అట్లే ఉంది, స్పానరు తగిలిన గుర్తే లేదు. ఇంజిను పక్కన బ్రేకు సీసాలో నూనె డికాక్షనంత నల్లగా ఉంది. గ్యారేజీ వాళ్లు బండిని మాత్రం తళతళా కడిగి, లోపల సెంటు కొట్టి పంపించారు. నాకు కంపరం పుట్టింది.

నా ఈడు వాళ్లు నవ్వకుంటే ఒక మాట చెప్తాను. బ్రూస్‌పేటలో మా ఇంటి ముందరి రేకుల షెడ్డులో మా ఆయన జీపుల బ్రేకులకు గాలి తీసే రోజుల్లో పెడలు తొక్కింది నేనే. ఆయన పెడలుకు అన్నిటికంటే దూరపు చక్రం కింద పడుకుని నిపిల్ వదులు చేస్తే, దానికి తగిలించిన గొట్టంలోంచి నూనెతో పాటు బుడగలు వచ్చేవి, ఆయన మళ్లీ బిగించి సరే అనేదాకా నేను పెడలు మీది కాలు ఎత్తకూడదు, ఎత్తితే పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. వీధిలో ఆడవాళ్లు నన్ను డ్రైవరమ్మ అని ఎగతాళి చేసేవాళ్లు. పని అయ్యాక నన్నూ, చంకలో పిల్లోణ్ణీ ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి తెచ్చేవాడు. పెండ్లాం బిడ్డల్ని ఎక్కించడానికి మనసొప్పని బండిని ఇంకొకరికి ఎట్లా ఇస్తామన్నది ఆయన లెక్క. ఆ చంకలో పిల్లోడే ఈ పెద్దోడు.

ఒక ఏడు ఆయుధపూజ అయిన తర్వాత సిరిగేరి నుంచి ఆయన మేనమామ జీపు తెచ్చాడు. కొంచెం దూరం పోతే చాలు, చక్రాలు కాలిపోయి బ్రేకులు వాటంతటవే పట్టేస్తున్నాయి, ఊళ్లో గాలి తీయించినా లాభం లేదు. మా ఆయన సీసాలోని నూనె రెండు చుక్కలు గ్లాసు నీళ్లలో వేశాడు. బ్రేకు నూనె అయితే నీళ్లలో కలిసిపోవాల, ఇది పైన తేలింది. పూజనాడు బండిలో ఏదీ వెలితిగా ఉండకూడదని మామ ఇంజిను నూనెను బ్రేకు సీసాలో కూడా నిండా పోశాడు, లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోయాయి. "పండగ పూట కొత్త ఆయిలే పోసినా గదప్పా, నీళ్లు పోసినానా ఏంది" అని మామ రేగినాడు. కంప్లి నుంచి కూతుర్ని కాన్పుకు తెచ్చుకోవాల, ఇంకోసారి గాలి తీసి ఇయ్యమన్నాడు. మా ఆయన నాలుగు చక్రాలూ ఊడదీసి పెట్టాడు, రబ్బర్లు మార్చనిదే బండి కదలదని. మామ నలుగురి ముందర తిట్టి బస్సుకు పోయాడు. ఆ కూతురి బిడ్డ పేరు పెట్టే పండగకు కూడా మమ్మల్ని పిలవలేదు.

నిన్న నేను చేసిందీ అదే, మనవరాలిని బండిలోంచి దించి ఆటోలో బడికి తీసుకుపోయాను. పెద్దోడు అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. ఆగుతుందో లేదో తెలియని బండిలో కడుపున పుట్టిన బిడ్డను కూర్చోబెట్టుకుని, ఏం కాదులే అనుకుంటూ పోయే ఈ కాలాన్ని చూస్తే రోత పుడుతుంది, చూసీ చూడకుండా పంపించిన వాళ్లను చూస్తే ఇంకా రోత. అయినవాళ్ల కోపాలు నాకు కొత్తేమీ కాదు. అప్పుడైతే పడడానికి ఇద్దరం ఉండేవాళ్లం.