గుడ్డు పడని పిల్ల

మా అమ్మాయికి గుడ్డు పడదు. ఏడాది నిండిన కొత్తలో ఉడికిన గుడ్డు చిన్న ముక్క నోట్లో పెడితే పెదవులు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఈలలాగా మోగింది. అప్పటినుంచి మా ఇంట్లో దాని కంచం వేరు, గరిటె వేరు. మా అత్తగారు మాత్రం నమ్మలేదు. తరతరాలుగా కోళ్ళు పెంచిన ఇంట్లో గుడ్డు పడని బిడ్డ ఎలా పుడుతుందని ఆవిడ వాదన. పడనిది పిల్లకు గుడ్డు కాదు, కోడలికి ఈ ఇల్లు అని చుట్టాలతో నవ్వుతూ చెప్పేది.

నేను మధురై వైపు సత్రపట్టిలో ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేసే యూనిట్‌లో ప్యాకింగ్ చూస్తాను. సెలవు ఆదివారం ఒక్కటే. పాపకు అయిదేళ్ళప్పుడు, అలాంటి ఒక ఆదివారం నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే, అత్తగారు దోసెపిండిలో గుడ్డు కలిపి పాపకు దోసె పోసి పెట్టింది. నేను కిందికి వచ్చేసరికి పాప గొంతు పట్టుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుపోయేంతగా మొహం వాచింది.

"సగం గుడ్డే గదా వేసినాను," అన్నది అత్తగారు, పొయ్యి దగ్గరనుంచి కదలకుండా. "నీ మాట నిజమా కాదా చూస్తామని."

మా ఆయన బండి తీశాడు. మా ఇద్దరి మధ్య పాపను ఇరికించుకుని ఆసుపత్రికి పోయాము. దారి పొడుగునా దాని ఊపిరి అందుతోందా లేదా అని నా గుండెకు ఆనించి చూస్తూనే ఉన్నాను. డాక్టరమ్మ తొడకు సూది వేసి, మూతికి ఆవిరి గొట్టం పెట్టింది. సాయంత్రానికి మొహం వాపు తీసింది. ఇంటికి వచ్చాక ఎవరూ అత్తగారిని ఒక్క మాట అనలేదు. అమ్మకేం తెలుసు అన్నాడు మా ఆయన. ఆవిడ మామూలుగానే భోంచేసింది.

ఆ ఏడు వానలు మొదలవగానే బడిలో జ్వరాలు పట్టుకున్నాయి. పాపకు మామూలు జలుబు చేసినా ఆయాసం వస్తుంది. డాక్టరమ్మ దానికి ఫ్లూ ఊసి వేయించమంది. ఊసి అంటే మా వైపు ఇంజెక్షనే. ఆ మందు గుడ్లలో తయారవుతుందని నేను ఎక్కడో చదివాను, అదే అడిగాను. ఒకప్పుడు అందుకే భయపడేవారని, ఇప్పుడు గుడ్డు పడని పిల్లలకూ వేస్తున్నారని, అందులో మిగిలేది లేనంత తక్కువని ఆవిడ ఓపికగా చెప్పింది. వేశాక కాసేపు అక్కడే కూర్చోవాలి, ఏమైనా అయితే చూసుకోవడానికి మందులు చేతిలోనే ఉంటాయి. మొదటిసారి గనక నెల తర్వాత ఇంకొకటి వేయాలి. ఈ ఆయాసానికి తోడు ఫ్లూ వస్తే మాత్రం కష్టం అంది.

వింటున్నంతసేపు ధైర్యంగానే ఉంది. ఇంటికి వస్తే ఆ వాచిన మొహమే గుర్తొచ్చేది. చాలా రోజులు తేల్చుకోలేకపోయాను.

విషయం తెలిసి అత్తగారు వాకిట్లో కూర్చుని అందరికీ వినపడేలా అన్నది: "గుడ్డులో చేసిన ఊసి బిడ్డకు వేస్తుందంట. ఇది తల్లేనా?"

సగం గుడ్డు వేసిన చేతులు ఒళ్ళో పెట్టుకునే ఆ మాట అన్నది. మా ఆయన అంతకంటే నెమ్మదిగా చెప్పాడు. "ఏమైనా అయితే నువ్వే జవాబు చెప్పాల. మళ్ళా ఈ ఇంటికి రావద్దు."

తరువాత బడిలో పాప పక్కన కూర్చునే పిల్లకు ఫ్లూ ముదిరి మధురై తీసుకుపోయారు. చిక్కి సగమై తిరిగొచ్చిన ఆ పిల్లను చూశాక నేను ఊసి వేయించడానికే నిశ్చయించుకున్నాను. అత్తగారు కూడా రావాలి అన్నది మా ఆయన షరతు. పాపకు మాత్రం చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే అని చెప్పాను.

ఆ పొద్దున పాప దీపావళి గౌను వేయమంది. రంగు పెన్సిళ్ళ డబ్బా తీసుకుపోయి పక్కింట్లో ఉండే మా తోటికోడలి కూతురికి ఇచ్చేసింది. నాకింక వద్దు అన్నదట. ఎంత మంచి మనసు అని మురిసిపోయాను.

క్లినిక్‌లో అత్తగారి ఒళ్ళోనే కూర్చుంది. ఊసి వేస్తే ఏడవలేదు, చేయి కూడా లాక్కోలేదు. బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తుండగా నా కొంగు లాగి అడిగింది.

"ఎప్పుడమ్మా?"

"ఏంది ఎప్పుడు?"

"నేను చచ్చేది. ఊసి వేస్తే చచ్చిపోతావని అవ్వ చెప్పిందే."

మరి నాతో వద్దని ఎందుకు చెప్పలేదే అన్నాను.

"నువ్వే గదా వేయాలని చెప్పినావు," అన్నది పాప.

అత్తగారు గోడవైపు చూస్తూ, భయపడి వద్దంటుందని చెప్పినాను, నమ్ముతుందని ఎవరికి తెలుసు అని గొణిగింది. అటుగా వచ్చిన డాక్టరమ్మ అంతా విన్నది. జనం ముందే అరవంలో అడిగింది: ఆరోజు దోసెలో గుడ్డు కలిపింది మీరేనా? ఆ సగం గుడ్డుకు పోని ప్రాణం దీనికి పోతుందా? బెంచీల మీది ఆడవాళ్ళందరూ తిరిగి చూశారు. అత్తగారు తల వంచుకుంది. నాకు జాలి వేయలేదు. డాక్టరమ్మ ఇంకో రెండు మాటలు అంటే బాగుండుననిపించింది.

పాపకు ఏమీ కాలేదు. చేయి కొంచెం నొప్పి పెట్టింది, అంతే. ఇంటికి వచ్చి పాప పెన్సిళ్ళు అడిగితే, ఇచ్చింది ఇచ్చిందే అని తోటికోడలు తలుపు దగ్గరే చెప్పి పంపేసింది.

కొన్ని రోజులకు అత్తగారికే జ్వరం పట్టుకుంది. దగ్గుతూ మంచాన పడింది. ఊసే ఇంటికి జ్వరం తెచ్చిందని అందరితో చెప్పింది. పాపా, పాపా అని గదిలోంచి పిలిచేది. నేను కంచం గడప దగ్గర పెట్టి తలుపు మూసేదాన్ని. పాప కూడా ఒక్కసారైనా అటు పోతానని అడగలేదు.

నెల తర్వాత రెండో ఊసికి మేమిద్దరమే పోయాము. ఈసారి దాచకుండా అన్నీ చెప్పాను, ఎందుకు వేస్తారో, ఎందుకు కాసేపు కూర్చోవాలో. అన్నిటికీ తలూపింది. లోపలికి పిలిచాక నేను కూర్చుని ఒడి చాపాను. పాప పక్కనున్న స్టూలు ఎక్కి తనే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది.

"ఏమీ కాదా అమ్మా?"

"ఏమీ కాదు బంగారూ."

నా మొహం కాసేపు చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి అదే మాట అరవంలో అడిగింది.