పరశురాములు రెండు వేళ్లు

మెట్‌పల్లిలో బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దున దేవుడికి దండం పెట్టడం మరిచారేమోగానీ, చెకింగ్ పరశురాములును తిట్టుకోవడం ఏనాడూ మరవలేదు. ముప్పై ఏళ్లుగా బీడీ కార్ఖానాలో అతని పని ఒక్కటే. వాళ్లు తెచ్చిన కట్ట అందుకోవడం, ఒక్కో బీడీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడటం, వదులుగా ఉంటే విరిచి పక్కన పారేయడం. అలా పారేసినదాన్ని అక్కడ ఛాట్ అంటారు. ఛాట్ ఎక్కువైతే ఆ రోజు కూలికి గండే. ఏం మనిషండీ! చంటిబిడ్డను చంకనేసుకొచ్చిన బాలింత బతిమాలినా ఆ వేళ్లు ఆగేవి కావు.

ఇంటికొచ్చినా అవి ఊరుకునేవి కావు. అంగట్లో వంకాయ నొక్కేవాడు, కంచంలో రొట్టె నొక్కేవాడు. మేనల్లుడికి పిల్లను చూడబోయి, వాళ్లిచ్చిన లడ్డూ నొక్కి మొహం చిట్లించాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. ఇతనిది పనితో వచ్చిన బుద్ధి, అయినా అంత గట్టిగానే పట్టుకుంది.

భార్య తారాబాయి ఆదిలాబాద్ దిక్కు నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ బీడీలు చుట్టి, తెచ్చి మొగుడి ముందే పెట్టేది. పెళ్లాం కట్ట అని అతడు ఒక్క బీడీ కూడా నొక్కకుండా వదల్లేదు. వదల్లేదని నలుగురిలో గొప్పలు పోయేవాడు. ఆమె చుట్టుడు బిగువు కాబట్టి చెల్లింది.

మొన్న చలికాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కిందిగానీ కుడిచేతి వేళ్లలో పట్టు పోయింది. ఆరు నెలలు పనికి రాకపోయేసరికి కార్ఖానా లెక్కలు చూసే మునీమ్ ఓంప్రకాశ్ కబురు పంపాడు. ఐదు వందల బీడీలు తెచ్చి చెకింగ్‌లో నెగ్గితేనే కార్డు ఉంటుంది, లేదంటే కొట్టేస్తాం అన్నాడు. కార్డు పోతే పని పోయినట్టే. ఆమెకు వచ్చిన పని అదొక్కటే.

నాలుగు రోజులు పళ్లు బిగబట్టి చుట్టింది.

"గీ ఒక్కసారి జర చూసీ చూడనట్టు ఇడిశిపెట్టు" అంది పొద్దున. పెళ్లయ్యాక ఆమె మొగుణ్ని ఏదైనా అడగడం అదే మొదలు.

"నాకెరుక లేదా? నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాడు.

కార్ఖానాలో ఆమె గోడవారన కూలబడింది. అతడు కట్ట విప్పాడు. వరుసలో వెనకున్న రషీదా, "అన్నా, వదినకు పానం బాగైందా?" అని అడిగింది.

"బాగైంది, ఫికర్ లేదు" అంటూ తల తిప్పాడు. ఆ మాటా ఈ మాటా సాగుతుండగా వేళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. చూసుకునేసరికి సగం కట్ట విరిగి కుప్పలో ఉంది. ఓంప్రకాశ్ వచ్చి కుప్ప చూశాడు, కార్డు మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆగమని పరశురాములు ఇంతమంది ఆడవాళ్ల ముందు ఏ మొహం పెట్టుకుని అంటాడు?

లేవడానికి తారాబాయి ఎడమచెయ్యి గోడకు ఆనించి, కుడిచెయ్యి అతనికేసి చాపింది. పట్టుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ ఆమె వేలిని నొక్కి చూశాయి. వదులుగా ఉంది. ఆ నొక్కు ఏమిటో ఆమెకు తెలియనిదా! చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నన్ను సుత ఛాట్ చేస్తివా?" అంది.

గోడ పట్టుకుని ఒక్కతే లేచి, కాలీడ్చుకుంటూ వెళ్లిపోయింది. రషీదా తన కట్ట ముందుకు జరిపింది. పరశురాములు అందుకుని నొక్కాడు.