అబద్ధమన్నవాళ్లే తారు పూయాలి

ఈ ఉదయం కాట్పాడి దగ్గర రోడ్డు వేస్తున్నారు. కాగుతున్న తారు వాసన బస్సు కిటికీలోంచి లోపలికి రాగానే మా పక్కింటి మునస్వామి మామ గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకున్నాను. గుడియాత్తం దగ్గర మా ఊరి చెరువులో ఆయన పుట్టి వేసుకుని చేపలు పట్టేవాడు. వేసవిలో చెరువు ఎండగానే పుట్టీలున్న వాళ్లంతా ఆ గుండ్రటి వెదురు పడవలను బోర్లించి, అడుగున తారు పూస్తూ కోతలు కోసేవాళ్లు. ఎంత పెద్ద కోతయినా నోరు మూసుకుని వినాలి. "అబద్ధం" అన్న మనిషి అందరి పుట్టీలకూ తారు పూయాలి. అదీ వాళ్ల కట్టుబాటు.

"నేను పట్టిన చేపకు తోక మన చెరువులో ఉండాది, తలకాయ కాట్పాడి ప్లాట్‌ఫారం మీద ఉండాది. రైలు కూతకు ఉలిక్కిపడి తోక ఆడించినాది. నేనూ నా పుట్టీ ఎగిరిపోయి పేర్ణాంబట్టు బస్‌స్టాండులో పడినాము. కండక్టరు ఇద్దరికీ టికెట్టు కొట్టినాడు!" అన్నాడొకసారి మామ. "శుద్ధ అబద్ధం మామా!" అనేశాను. ఇంకేముంది, ఏడు పుట్టీలకు తారు పూశాను. ఆయన పక్కనే కూర్చుని, "ఆ మూల వదిలేసినావమ్మా" అని వంకలు పెడుతుంటే ఒళ్లు మండిపోయింది.

నా నర్సింగ్ చివరి పరీక్ష రోజు చెరువు పొర్లి గుడియాత్తం రోడ్డు మునిగిపోయింది. ఈసారి తప్పితే చదువు మాన్పించి పెళ్లి చేస్తామని ఇంట్లో ముందే చెప్పేశారు. నాకేమో నీళ్లంటే ప్రాణభయం. మామ పుట్టి తెచ్చి, "ఎక్కమ్మా. పాలారు ఏట్లో సముద్రం దాకా ఈదినోణ్ణి నేను. దారిలో ఒక మొసలి అలిసిపోయి నా వీపెక్కినాది" అన్నాడు. నడినీళ్లలో పుట్టి గిర్రున తిరిగింది. కళ్లు మూసుకుని ఏడ్చాను. "మొసలి ఏమన్నాదో అడగవా?" అన్నాడు. "ఏమంది మామా?" "మెల్లగా పోప్పా, నాకు కళ్లు తిరగతా ఉండాయి అన్నాది!" ఏడుస్తూనే నవ్వాను. అంతలో ఒడ్డు తగిలింది. పరీక్ష రాశాను, పాసయ్యాను.

మామ పోయినప్పుడు అత్తను పలకరించడానికి వెళ్లి, ఆయన ఈత సంగతి ఎత్తాను. అత్త కన్నీళ్ల మధ్యే నవ్వింది. "మీ మామకు ఈత యాడొచ్చు తల్లీ? నడుము లోతు నీళ్లలో దిగినోడు కాదు. ఆ పొద్దు నిన్ను దించి వచ్చినాక చేతులు వణికి కాఫీ లోటా గూడా పట్టుకోలేకపోయినాడు."

ఇప్పుడు నేను వేలూరులో పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. నిన్న ఒక పాపకు నరం ఎంతకీ దొరకలేదు. పులికి నేను సూది వేసిన కథ చెప్తూ వెతికాను. పాప పకపకా నవ్వింది. నాకెంత భయమేసిందో ఆ పిల్లకు తెలియలేదు.