డాహీ అన్న మాటకు నేను చెప్పిన అర్థం

ఒక మాట నా లోపల ఏండ్ల సంది కూసోనున్నది. దాన్ని దించుకుందామని మా ఆయన ముందట చాన సార్లు నోరు తెరిచిన. తెరిచి, "చాయ్ పెట్టాల్నా?" అని అడిగి ఊకున్న. ఇయ్యాల మీకు చెప్తున్న. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. గందుకే చెప్పబుద్ధయితున్నది కావచ్చు.

నేను పుట్టింది పెరిగింది సూరత్‌ల. మా నాయిన సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఈడ మగ్గాల పనికి కుదిరిండు. నేను గుజరాతీ బడిల చదువుకున్న. మా ఆయన గట్ల కాదు, పెండ్లయినంక ఊరి నుంచి వచ్చినోడు. హిందీ వచ్చంటే వచ్చు, మగ్గాల షెడ్డుల పనికొచ్చే నాలుగు మాటలు. గుజరాతీ అసలే రాదు. దానికి తోడు మగ్గాల చప్పుడుకు చెవులు సగం పోయినయి. బయటోళ్ళు ఎవరన్న మాట్లాడితే నా మొకం దిక్కు చూస్తడు. నేనేం చెప్తే అదే వాళ్ళన్నది. అంత నమ్మకం.

ఆయనకు ఒకటే ఆశ ఉండె. గుర్రం కొనాలె.

నవ్వకుండ్రి. నేను నవ్విన, చాలు. చిన్నప్పుడు ఊర్ల వాళ్ళ మేనమామ జట్కాబండి నడిపేటోడట. ఆయన దగ్గర్నే గుర్రమెక్కుడు నేర్చుకున్నడు. ఈడికొచ్చినంక పెండ్లికొడుకును గుర్రమెక్కించే బరాత్‌లు చూసిండు, డుమస్ సముద్రం కాడ గుర్రాల మీద పిల్లలను ఎక్కించుకొని తిప్పేటోళ్ళను చూసిండు. "చెవులు మొత్తం పోకముందే మగ్గం ఇడిచిపెడ్తనే. ఒక్క మంచి గుర్రం దొర్కితే చాలు, దాని కిరాయితోని బతుకుతం" అనేటోడు.

సెలవు దొరికినప్పుడల్ల ఇద్దరం చూడవోయేటోళ్ళం. మాట కోసం నేను ఎంబడి ఉండాలె కదా. ఒకటి ఉత్తగనే బెదురుతదని వద్దన్నడు. ఒకటి ముందుకాలు జర ఎత్తి పెడ్తున్నదని వద్దన్నడు. ఎంత అందంగున్నా ఆయనకు కానరాదు. "పసిపిల్లగాడు ఎక్కి జుట్టు పట్టి గుంజినా నిలవడాలె. గసొంటిది కావాలె" అనేటోడు. నాకేమో కాళ్ళు గుంజేటియి. అంతకంటే ఎక్కువ సిగ్గయ్యేది. మా అన్నోళ్ళు ఆల్థాన్‌ల, ఉన్నోళ్ళుండే దిక్కు, ఫ్లాట్ తీసుకున్నరు. "ఇగ మా ఆడిబిడ్డ గుర్రపోళ్ళ ఇంటిది" అని మా వదిన అందరి నడుమ అన్నది. నేనూ వాళ్ళతోని నవ్విన. ఇంటికొచ్చినంక అది ముల్లు లెక్క గుచ్చుకున్నది.

నేను చెప్పొచ్చే గుర్రం సూరత్ బయట, పల్సానా అవతల ఒక ముసలాయన దగ్గరుండె. చెరుకు తోట పక్కకు చిన్న ఇల్లు, ఇంటి ముందట వేపచెట్టు నీడకు కట్టేసి ఉన్నది. ఎర్ర గోధుమ రంగు ఆడగుర్రం. చెవులు లోపటికి వంగి, కొసలు ఒకదాన్నొకటి తాకుతున్నయి. ముసలాయనకు మోకాళ్ళు పోయినయి, ఇగ ఎక్కలేడు. కొడుకు మిల్లు పనికి పోతడు, వానికి గుర్రం పట్టదు. అందుకే అమ్ముతున్నడు.

మా ఆయన తొందరపడలే. ముందుగాల పక్కనుంచి పోయి మెడ మీద చెయ్యి పెట్టిండు. తర్వాత ఒక్కొక్క కాలు ఎత్తి చూసిండు. అది చెప్పినట్టే కాలు ఇచ్చింది. పండ్లు చూస్తుంటే నోరు తెరిచింది. ఇగ ఆయన నవ్విండు. పెండ్లయిన కాన్నుంచి ఆయన గట్ల నవ్వంగ నేను చూడలే. నా దిక్కు చూసి నవ్వలే, దాని దిక్కు చూసి నవ్విండు.

ముసలాయన నన్ను చూసి గుజరాతీల అన్నడు, "ఘోడీ బహు డాహీ ఛే, బేన్." ఈ గుర్రం మస్తు డాహీ, చెల్లె అని. డాహీ అంటే బుద్ధిమంతురాలు. మన దిక్కు మంచి ఆడపిల్లను అన్నట్టు. పటాకులు కాల్చినా కదలదట. ఆయన మనుమరాలు నడక రానప్పటి నుంచే దాని మీద కూసున్నదట.

మా ఆయన నా దిక్కు తిరిగిండు. "ఏమంటుండే?"

"తన్నుతదట" అన్న.

"ఆఁ?"

"తన్నుతదట, కొరుకుతదట. ఒక మనిషిని పడేసిందట. అందుకే అమ్ముతుండట."

"డాహీ డాహీ అంటుండు గదా. అంటే?"

"మొండిది అని."

ఎట్ల వచ్చింది ఆ మాట నా నోట్లకెళ్ళి? ముందుగాల అనుకొని పోలేదు. ఒట్టు. కాని వచ్చినంక ఆపుకోలే కూడా. ఆయన గుర్రాన్ని మళ్ళ చూసిండు. అది ఆయన భుజం మీద ముక్కు పెట్టి వాసన చూస్తున్నది. "చూస్తే గట్ల కొడ్తలేదే" అన్నడు. కొత్తోళ్ళ ముందట గట్లనే ఉంటదట అన్న. ఆయన మెల్లగ చెయ్యి తీసిండు. అమ్మేటోడే చెప్తుంటే ఇగ అనుమానమేంది?

ముసలాయనకు అర్థం కాలే. ఏం నచ్చలేదని అడిగిండు. గుర్రానికి వయసు ఎక్కువున్నదంటుండు అని ఆయనకొక అబద్ధం చెప్పిన. ఆయన మొకం చిన్నగయింది. అయినా ఒక మాటన్నడు. "కొనకున్నా మంచిదే, ఒక్కసారి ఎక్కి చూడుమను బేన్. ఎక్కినంక వద్దంటే నేను అడగ."

ఆ ఒక్క మాటన్న మా ఆయనకు చెప్పేది ఉండె. ఆయన ఎక్కుతుండె. ఎక్కితే నా అబద్ధం ఆ చెరుకు తోట దాటకముందే తేలిపోతుండె. చెప్పలే. "పోదాం పా, ఎండయితున్నది" అన్న.

అయిపోయింది, ఇగ గుర్రం మాట ఎత్తడనుకున్న. ఎత్తలే, కొన్ని రోజులు. తర్వాత షెడ్డుల తోటిపనోడు ఎవరో ఇచ్ఛాపూర్ దిక్కు ఒక వ్యాపారిని చెప్పిండు. హిందీల మాట్లాడ్తడట, తెల్ల గుర్రమట, బరాత్‌లకు తెల్లదే అడుగుతరట. "నువ్వు కూడ రావే, నాకు వాని మాట సాఫ్ వినవడది" అని బతిమిలాడిండు. నేను మొకం తిప్పుకున్న. పల్సానాల అంత చెప్పినా బుద్ధి రాలేదా అన్న. నా అబద్ధాన్నే చూపిచ్చి ఆయన మీద కోపం చేసిన!

ఆయన తోటిపనోన్ని తీసుకొని పోయిండు. వ్యాపారి ఏం చెప్పిండో, ఈయనకు ఎంత వినవడ్డదో. గుర్రం ఆ పొద్దు తల వంచుకొని మస్తు నెమ్మదిగున్నదట. మత్తు మందేమన్న పెట్టిండేమో అని తర్వాత అందరన్నరు. కొన్నడు. నడిపించుకుంట రోడ్డెక్కినంక కొద్దిగంత దూరం ఎక్కి పోదామనుకున్నడు. వెనుక నుంచి ఫ్యాక్టరీ లారీ హారన్ కొట్టింది. గుర్రం ముందుకాళ్ళు లేపింది. ఆయన వెల్లకిల పడ్డడు, తుంటి విరిగింది.

ఆపరేషన్ చేసిండ్రు. బతికిండు. కాని ఇప్పుడు కట్టె లేకుంట నాలుగడుగులు పడయి. మగ్గం కాడ నిలవడలేడు. గుర్రాన్ని ఆ వ్యాపారే తోలుకపోయిండు. ఇప్పుడు ఇద్దరం ఇంట్ల కూసోని చీరలకు స్టోన్లు అంటిస్తం. డుమస్ దిక్కు పోదామని నేను ఒకట్రెండు సార్లన్న. ఎందుకే అన్నడు. ఇగ అనలే.

ఇంతవరకయితే నేను ఎట్లనన్న మోస్తుంటి కావచ్చు. మోయరానిది ఇంకొకటున్నది. పరామర్శకు వచ్చినోళ్ళందరికి ఆయన ఒకటే చెప్పిండు. "మా ఆమె వద్దనే అన్నది. పల్సానాల ఒక మొండి గుర్రం నుంచి నన్ను తనే కాపాడింది. ఇచ్ఛాపూర్‌కు నేను తనను తీసుకపోతే ఈ గతి పట్టకపోవు." ఇప్పటికీ గదే చెప్తడు. చెప్పుకుంట నా దిక్కు చూస్తడు, మెచ్చుకున్నట్టు. మా వదిన కూడ నన్ను తెలివిగలదంటది ఇప్పుడు.

ఆయన కొంచెం లేచి కూసున్నంక, ఒక్కదాన్నే పల్సానా పోయిన. ఆ ముసలాయనకన్న నిజం చెప్దామని పోయిన. వేపచెట్టు కింద ఏం లేదు. పొలమున్న వాళ్ళెవరో బిడ్డ కోసం కొన్నరట. ఆయన నన్ను గుర్తుపట్టిండు, మంచినీళ్ళిచ్చిండు. "మీ ఆయనకు గుర్రం దొర్కిందా?" అని అడిగిండు. దొర్కింది అన్న. "మంచిగయింది. ఆయన చేతికే ఇయ్యాలని నా మనసుల ఉండె. దాన్ని ముట్టుకున్న తీరు చూసిన నేను" అన్నడు. నీళ్ళు తాగి వచ్చిన. ఆడ కూడ చెప్పలే.

ఎందుకు చేసిన? చాన రోజులు, భయంతోని చేసిన అని నాకు నేనే చెప్పుకున్న. గుర్రం తంతదేమో, పడ్తడేమో అని. ఉత్త మాట. భయమయితే వద్దని మొకం మీదనే అంటుంటి, కొట్లాడుతుంటి. మరి వదిన నవ్విందని సిగ్గయిందా? అది కొంత నిజం. కాని పూర్తి నిజం అది కూడ కాదు. ఆయన నవ్వు. ఆయన ఒక నోరులేని జీవి మెడ మీద చెయ్యేసి గట్ల నవ్వుతుంటే, మా ఇంట్ల, మా బతుకుల, నా మొకంల ఆయనకు గా నవ్వు తెచ్చేది ఏదీ లేదని నాకు ఆ నిమిషం తెలిసింది. ఓర్చుకోలేకపోయిన. అంతే. ఒక గుర్రం మీద ఓర్వలేనితనం. ఎవలకన్న చెప్పుకునే మాటనా ఇది?

ఆయనకు చెప్పాలె, తెలుసు. చెప్తే నాకు బరువు దిగుతది. కాని ఆయనకు? ఇప్పుడు చెవులు ఇంకా తగ్గినయి. డాక్టర్ చెప్పింది, దుకాణపాయన అన్నది, అత్తగారింటి నుంచి మా బిడ్డ ఫోన్ల మాట్లాడింది, అన్నీ నా నోటినుంచే ఆయనకు చేరాలె. నా మాట అబద్ధమని ఒక్కసారి తెలిస్తే, ఇగ ఆయన దేన్ని పట్టుకొని బతకాలె? ఇది ఆయన మీద దయనో, నా పిరికితనమో, విడదీసి చూసుకుందామంటే నాకు చాతనైతలేదు. రెండూ ఒకటే తీరు కనవడ్తున్నయి.

మీరు నన్ను మన్నించుండ్రి అని అడుగుతలేను. మన్నించుడు మీ చేతుల లేదు. ఆ హక్కున్న మనిషి గోడవతల చీర మీద వంగి, ఒక్కొక్క రాయి అద్దుతున్నడు. నేను ఏడుస్తున్న చప్పుడు ఆయనకు వినవడది.

ఆ ముసలాయన దాన్ని బుద్ధిమంతురాలన్నడు. నేను మొండిదన్న. తెలిసే అన్న. ఈ మాట ఇన్నేండ్లల్ల మొదటిసారి నా బయటికి వచ్చింది. ఏం మారలే. కాని ఊపిరి కొంచెం లోపలిదాక పోతున్నది.