చేప ముట్టని సావుకారు

పొందూరు కిరాణా కొట్టు జగన్నాధం చేప తినడు సరే, ముట్టుకోను కూడా ముట్టుకోడు. అయినా ముప్పై ఏళ్ళుగా ఆదివారం తెల్లారితే చాలు, కూర్మయ్యతో కలిసి గెడ్డ ఒడ్డున గాలం దగ్గర హాజరు. ఇదెక్కడి విడ్డూరమని ఊరంతా నవ్వింది, నవ్వి నవ్వి ఊరుకుంది. తల్లి నారాయణమ్మ మాత్రం కొడుకు గెడ్డ స్నానానికి వెళ్తున్నాడనే చెప్పుకుంటుంది. ఆవిడకి తెలియదని కాదు.

కూర్మయ్య రైతు. వీధిబడిలో జగన్నాధం పక్కన కూర్చున్నవాడు. ఎర గుచ్చడం, గాలం వెయ్యడం, పడ్డ చేపని విప్పడం అతని పని. మరమరాలు, బెల్లం తేవడం జగన్నాధం పని. నీళ్ళ మీద తేలే గాలపు బెండు కాస్త మునిగితే చాలు, కొట్లో కొండలా కూర్చునే ఆ మనిషి "లాగు, లాగు!" అని గంతులేసేవాడు. తీరా చేప ఒడ్డున పడేసరికి మొహం అటు తిప్పేసుకునేవాడు.

"నీ కేకలకి సేపలు పారిపోతన్నాయి, నోర్ముయ్ సావుకారూ" అని కూర్మయ్య తిట్టని ఆదివారం లేదు. ఏడాదిగా ఎందుకో తిట్టడం మానేశాడు. పాపం, మెత్తబడ్డాడనుకున్నాడు జగన్నాధం. ఆ మంచితనానికి కరిగిపోయి, పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, వానలు తగ్గాక ఒక ఆదివారం నోరు మెదపకూడదని ఒట్టు పెట్టుకుని మరీ వచ్చాడు.

బెండు మునిగింది. జగన్నాధం పెదవులు బిగబట్టాడు. కూర్మయ్య లాగలేదు. రెండోసారీ మునిగింది. అప్పుడు కూర్మయ్యకేసి చూశాడు జగన్నాధం. బెండు ఎప్పుడో తుంగ మొదట్లోకి కొట్టుకుపోయింది, కూర్మయ్య మాత్రం నడి నీళ్ళకేసి చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నావురా?" అన్నాడు జగన్నాధం.

"బెండునే."

"ఎక్కడుంది?"

కూర్మయ్య తల దించుకున్నాడు. "నిరుటి నుంచీ కళ్ళకి మంచు కమ్మీసినట్టుంటాది. నువ్వు కేకేస్తే లాగుతన్నాను. ఇయ్యాల నువ్వు కేకెయ్యలేదు."

"ఇంట్లో చెప్పలేదేం?"

"సెప్తే గెడ్డకి రానిస్తారేటి? నాను రాకపోతే నువ్వొక్కడివీ ఏటి సేస్తావు?"

జగన్నాధానికి కోపం ముంచుకొచ్చింది. "గాడిదా! నా దగ్గర దాస్తావా? రేపే విజయనగరం పెద్దాసుపత్రికి పోదాం."

"కంట్లో కత్తి పెట్టనిస్తానేటి? సస్తే రాను."

అంతలో బెండు మళ్ళీ మునిగింది. "లాగరా!" జగన్నాధం కేక ఆవలి గట్టుదాకా వినబడింది. మూరెడు జెల్ల చేప ఎగిరొచ్చి ఒడ్డున పడింది. ఈసారి జగన్నాధం మొహం తిప్పుకోలేదు. కూర్మయ్య నేలంతా తడుముకుంటున్నాడు. ఏడాదిగా ఇలా తడుముకుంటూనే విప్పుతున్నాడు కాబోలు. జెల్ల ముల్లు బొటనవేల్లో దిగి రక్తం చిమ్మింది.

జగన్నాధం వంగి రెండు చేతులతో చేపని అదిమి పట్టుకున్నాడు. ఒళ్ళు జలదరించింది, అయినా వదల్లేదు. "ఎటు తిప్పాలిరా ఈ కొక్కేన్ని?"

కూర్మయ్య నిర్ఘాంతపోయాడు. "నువ్వు... పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను. రేపు వస్తావా, రావా?"

కూర్మయ్య అతని చేతులు తడిమి చూశాడు. జిగురు, నీచు వాసన. "వస్తానులే. సేతులు కడుక్కో, మీ యమ్మ పసిగట్టీగల్దు."

"పసిగట్టనీ. ముందు ఎర గుచ్చు."

మళ్ళీ గాలం పడింది. జగన్నాధం బెండు మీద కళ్ళు పెట్టి, కేకకి సిద్ధంగా నోరు తెరుచుకునే కూర్చున్నాడు.