తువ్వాల కింద జవాబులు

పెబ్బేరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక సినిమా హీరో నన్ను మెచ్చుకున్నాడు. "ఇంత తొందరగా జవాబు చెప్పినవాణ్ణి ఇంతవరకు చూడలేదు" అని నాకోసం చప్పట్లు కొట్టాడు. ఈ సంగతి గద్వాల బస్టాండులో కనీసం పదిమందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ హీరో నాకు కాస్త దగ్గరగా జరిగాడు. ఆఖరిసారి చెప్పినప్పుడైతే నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

ఇక నిజం. హీరో ఉన్నది టీవీలో. అతను పిలిచింది "ఒకటో నంబరు" అని. ఆ పక్కన తెర మీద "కండక్టర్ తాత" అని అక్షరాలు పడ్డాయి, అంతే. నేను ముప్పై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా చేశాను కాబట్టి నా స్నేహితుడి మనవరాలు ఆ పేరు కొట్టింది. చప్పట్లు ఏనాడో రికార్డు చేసి పెట్టినవి.

అదొక క్విజ్ ఆట. టీవీకి ఒక డబ్బా తగిలిస్తే మా వయసు వచ్చినా జుట్టు మాత్రం నల్లగానే ఉన్న ఆ హీరో సూటు వేసుకుని వస్తాడు. ప్రశ్న తన నోటితో అడుగుతాడు. జవాబులు మాత్రం చదవడు, నాలుగూ నంబర్లు వేసి తెర మీద పడతాయి. మనం చదువుకుని, సరైనదాని నంబరు ఎవరి ఫోనులో వాళ్ళు నొక్కాలి. ముందు నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు. తప్పు నొక్కితే ఉన్న పాయింట్లు తగ్గుతాయి, పైగా హీరో ఎగతాళి చేస్తాడు.

ఇల్లు నా స్నేహితుడిది. పెబ్బేరు సంతలో ఎద్దుల బేరగాడు. మనవరాలు వనపర్తి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవులకు వస్తూ ఆ డబ్బా ఎవరినో అడిగి తెచ్చింది. ఆడడానికి నలుగురం: ఆ తాతామనవరాళ్ళు, నేను, కొత్తకోట నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన్ని మేం సారు అనే అంటాం.

నేను గద్వాల బస్సు దిగి వాళ్ళింటికి చేరేసరికి స్నేహితుడు వాకిట్లోనే ఎదురొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని పశువుల కొట్టం వైపు లాక్కెళ్ళాడు.

"అరే, ఆ ఆటల సదువుడు ఉన్నదంట. నాకు అక్షరం రాదని పిల్లకు తెల్వదు."

"తెల్వకుంట ఎట్లుంటదిరా?"

"పొద్దుగాల పేపరు ముంగటేస్కోని కూసుంట గద. హోటల్ల విన్నయి మల్ల పిల్లకు చెప్త. మా తాత పేపరు మొత్తం సదువుతడని హాస్టల్ల అందరికి చెప్పుకున్నదంట. ఇయాల ఇజ్జత్ పోతది. జర నువ్వే సూస్కో."

అంకెలు వాడికి బాగా వచ్చు. రానివి అక్షరాలు. ఉపాయం కూడా వాడిదే. సంతలో బేరగాళ్ళు నోటితో ధర చెప్పుకోరు. చేతుల మీద తువ్వాల కప్పుకుని, ఒకడి వేళ్ళు ఒకడు పట్టుకుని బేరమాడతారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఆ వేళ్ళ మాట ఆ ఇద్దరికే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, మూడు పట్టుకుంటే మూడు. మూడు పట్టుకుని, వదిలి, మళ్ళీ మూడు పట్టుకుంటే ఆరు. జవాబులు నాలుగే కాబట్టి మాకు నాలుగు వేళ్ళు చాలు.

మంచం మీద పక్కపక్కన కూర్చున్నాం. మా ఇద్దరి మధ్య తువ్వాల. పైన ఫోన్లు, కింద చేతులు.

మొదటి రెండు ప్రశ్నలూ సాఫీగా పోయాయి. సారు అందరికంటే నిదానం. నాలుగు జవాబులూ రెండేసిసార్లు చదివి, వాటిలో అచ్చుతప్పులు దిద్ది, అప్పుడు నొక్కేవాడు. "ఇంత పెద్ద హీరో, ఒత్తు తప్పు రాసిండు సూడు" అని బాధపడేవాడు. ఆయన నొక్కేలోగా గంట మోగేది. "నిద్ర లేపమంటారా?" అని హీరో అడిగేవాడు.

నాకు అసలు ఆసక్తి అక్కడ పుట్టింది. ఈయన ఆలస్యం చేశాడని అతనికి ఎలా తెలిసింది? మనవరాలిని అడిగాను.

"అన్ని మాటలు ముందే చెప్పించి పెట్టుకుంటరు తాతా. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి, ఊకె కూసుంటే ఒకటి. ఏది కావాల్నో ఆటనే తీస్కుంటది."

అంటే, ఎక్కడో ఒక గదిలో నిలబడి, తను ఎప్పుడూ చూడని మనుషుల కోసం ఇన్ని రకాల ఎత్తిపొడుపులు ఒకదాని తర్వాత ఒకటి అనేసి, ఇంటికి పోయి అన్నం తిన్నాడన్నమాట ఆ మనిషి! ఇంకా ఏమేం అన్నాడు? వరసగా తప్పు చెప్తే ఏమంటాడు? అందరికంటే వెనకబడినవాణ్ణి ఏమంటాడు? అవన్నీ వినకుండా గద్వాల బస్సెక్కడం నావల్ల కాదనిపించింది.

మూడో ప్రశ్నకు నా ఫోనులో సరైన నంబరు, రెండు, నొక్కాను. తువ్వాల కింద వాడికి నాలుగు వేళ్ళు పట్టుకున్నాను.

కేవలం తెలుసుకోవాలనే అలా చేశానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆఖరివాణ్ణి ఏమంటాడో వినాలంటే ఎవరో ఒకరు ఆఖరున ఉండాలి కదా, ఆ ఒకరు నేను కాకూడదు. అది మిగతా సగం.

వాడికి తప్పు పడింది. హీరో తల అడ్డంగా ఊపి, "మీ పక్కవాళ్ళను అడిగినా బాగుండేది" అన్నాడు. మనవరాలు పగలబడి నవ్వింది. వాడూ నవ్వాడు. నా వైపు మాత్రం చూడలేదు, తన వేలే తప్పు నంబరు మీద పడిందనుకున్నాడు. మధ్యమధ్య అలాగే తప్పు వేళ్ళు పట్టుకుంటూ మరి కొన్ని ప్రశ్నలు గడిపేసరికి వాడు సారు కంటే వెనకబడ్డాడు.

అప్పుడొచ్చింది మూడు గుండెలున్న ప్రాణి ఏదన్న ప్రశ్న. ఆక్టోపస్, మూడో నంబరు. అంత ఖాయంగా నాకు తెలిసిన జవాబు అదొక్కటే. ఆ ఉత్సాహంలో వాడికి కూడా నిజమే చెప్పేశాను. మూడు వేళ్ళు పట్టుకున్నాను, వదిలి నా ఫోను నొక్కాను, అందిందో లేదోనని మళ్ళీ మూడు వేళ్ళూ గట్టిగా పట్టుకున్నాను.

వాడు ఫోను వైపు చూశాడు. తెర వైపు చూశాడు.

"ఆరోది యాడుందిరా? ఈడ నాలుగే ఉన్నయి!"

సారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. తువ్వాల కొస పట్టి లాగాడు. డెబ్బై దాటిన ఇద్దరు మగవాళ్ళం చేతులు పట్టుకుని కూర్చుని ఉన్నాం.

"ఏంది తాతా ఇది?" అంది మనవరాలు.

నేను వెంటనే అందుకున్నాను. "మీ తాతకు కండ్లల్ల పొర వచ్చింది బిడ్డా. దవాఖానకు రారా అంటే ఇంటలేడు. గందుకే జర సాయం..."

ఆ పొరను ఇంకాస్త ముదరబెట్టేవాణ్ణే. వాడు నా చేతిలోంచి చెయ్యి తీసుకున్నాడు.

"కండ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. నాకు అక్షరాలే రావు."

టీవీలో హీరో తొందరపెడుతున్నాడు.

"మరి పేపరు?" అంది ఆ పిల్ల మెల్లగా.

"బొమ్మలు సూస్త."

ఆమె తాత దగ్గరకు వచ్చి కూర్చుంటుందని, వాడు చెయ్యి నిమురుతాడని అనుకున్నాను. ఆ పిల్ల కదలలేదు. తెర మీద పాయింట్ల వైపే చూస్తూ ఉంది. డిగ్రీలో లెక్కలు చదివే పిల్ల. తర్వాత నా వైపు తిరిగింది.

"కండక్టర్ తాతా, జవాబులు నువ్వే చెప్తున్నవ్ గద. మరి నువ్వు ముంగట ఉన్నవ్, మా తాత అందరికన్న ఎన్కకు ఎట్ల పోయిండు?"

"ముందుగాల నొక్కినోనికి పాయింట్లు ఎక్కువ గద బిడ్డా..."

"గది ఎక్కువ తక్కువకు. తప్పులు ఎట్ల పడ్డయి?"

ఎన్నో బస్సుల్లో టికెట్టు లేనివాళ్ళ కథలు విన్నవాణ్ణి. ఆ రోజు వాళ్ళలాగే నేనూ జేబులు తడుముకున్నాను.

స్నేహితుడికి అర్థమైంది. కేకలు వేయలేదు. వేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"నోటితోని ఎన్నన్న చెప్పు, నేను గూడ చెప్త. సంతల ఎసుంటోడైనా వేళ్ళతోని అబద్ధం చెప్పడు. చెప్పినోని చెయ్యి మల్ల ఎవ్వడు పట్టడు. గది తెల్వదా నీకు?"

"తమాషాకు చేసిన్రా. వాడేమంటడో ఇందామని..."

"ఎవడు?"

"హీరో."

సారు నవ్వబోయి మానుకున్నాడు.

స్నేహితుడు తువ్వాల తీసి మళ్ళీ పరిచాడు. దాని కింద చెయ్యి పెట్టాడు. "ఎన్నిసార్లు? నోటితోని వద్దు. ఈడ చెప్పు."

ఎద్దు తాళ్ళు పట్టి పట్టి వాడి అరచెయ్యి రాయిలా ఉంటుంది. వాడు చెయ్యి కదపకుండా, నా ముఖం వైపు చూడకుండా కూర్చున్నాడు. మనవరాలు హీరోను ఆపేసింది. అతను నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

రెండు వేళ్ళు పట్టుకున్నాను.

వాడు చెయ్యి తీయలేదు. సంతలో ఎదుటివాడు ఇంకా చెప్పాల్సింది ఉందనుకుంటే అలాగే ఉంటారట, తర్వాత తెలిసింది. మూడో వేలు కూడా పట్టుకున్నాను.

"గిప్పుడు సరే" అని చెయ్యి తీసి తువ్వాల భుజాన వేసుకున్నాడు. లేచి వెళ్ళి మనవరాలి పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, నాలుగు గూడ గట్టిగ సదువు. నాది నేనే నొక్కుకుంట."