ఫెజ్‌లో పుదీనా రెమ్మ

మొరాకోలోని ఫెజ్ నగరంలో తోళ్ల కంపుకి తట్టుకోలేక నేను మేడ దిగిపోయానని నా స్నేహితురాలు మా కాలేజీ స్టాఫ్ రూములో ఇప్పటికీ చెబుతుంది. శుద్ధ అబద్ధం. తోళ్లు నానేది కింద. కిందికి దిగితే కంపు పెరుగుతుంది గానీ తగ్గుతుందా? పిల్లలకి పాఠాలు చెప్పే మనిషికి ఆపాటి తర్కం ఉండక్కర్లేదా?

ఆ పాత బజారులో, టూరుకొచ్చిన మా కాలేజీవాళ్ల హడావిడి చూడాలి. గాడిద అడ్డొస్తే ఫొటో, గోడ పెచ్చులూడితే ఫొటో. నరసన్నపేటలో ఎడ్లబండి అడ్డొస్తే హారన్ మీద చెయ్యి తియ్యనివాళ్లే వీళ్లంతా. చివరికి గైడు మమ్మల్ని ఒక తోలు దుకాణం మేడ మీదికి ఎక్కించాడు. ముక్కు దగ్గర పెట్టుకోమని దుకాణదారు తలో పుదీనా రెమ్మ ఇచ్చాడు. కింద ఇడ్లీరేకు గుంటల్లా వరసగా తొట్లు. వాటిలో దిగి పచ్చితోళ్లు తొక్కుతున్న మగవాళ్లు. సున్నం, పావురాల రెట్ట, కుళ్లు కలిసిన కంపు గుప్పున కొట్టింది.

నాకు మా తాత గుర్తొచ్చాడు.

నాదీ నా స్నేహితురాలిదీ ఒకే ఊరు. వాళ్లది రైతుల వీధి. మాది ఊరి చివర, తోలుపని చేసేవాళ్ల పేట. మా ఇంటి వెనక తాత లంద ఉండేది. సున్నం, తంగేడు చెక్క వేసి తోళ్లు నానబెట్టే గొయ్యి అది. వాళ్ల పొలానికి నీళ్లు తోడిన మోటకి తోలు అక్కడిదే. మిషన్ బడి మా చర్చి పక్కనే కాబట్టి ఆవిడకి రోజూ మా పేట దాటక తప్పేది కాదు. పరికిణీ కొస ముక్కుకి అడ్డం పెట్టుకుని పరుగెత్తేది.

అలాంటి మనిషి మేడ మీద పుదీనా నలుపుకుంటూ, "ఏటి కంపే బాబూ! నా జన్మలో ఇలాటిది ఎరగను" అంది. ఆ వెంటనే ఫోన్ తీసి, "అయినా ఎంత అందంగా ఉన్నాదో సూడే! వందల ఏళ్ల విద్యట!"

"మా తాతదీ ఇదే విద్య. అప్పుడు విద్య అన్లేదేటే?"

"ఒసే, ఇక్కడా మొదలెట్టీసినావేటి? టూరుకొచ్చినాం."

నా రెమ్మ కూడా ఆవిడ చేతిలోనే పెట్టి, మెట్లు దిగి తొట్ల గట్టు దాకా వెళ్లి నిలబడ్డాను. పైనుంచి నన్నూ ఫొటో తీసింది మహాతల్లి.

అక్కడ ఆవిడ కొన్న గుండ్రటి తోలుపీట ఇప్పుడు వాళ్ల హాల్లో, దేవుడి గది పక్కనే ఉంది. వచ్చినవాళ్లకల్లా హెరిటేజ్ అని చూపిస్తుంది. మా తాత చెప్పులు కుట్టి తెస్తే వీధిలోనే పెట్టి పొమ్మన్న కుటుంబం!

మొన్న వెళితే, "దాని మీద కూకో, మెత్తగా ఉంటాది" అంది. కూర్చోలేదు. ఆవిడ క్షమాపణ నేనేం చేసుకోను? ఆ వాసన తనకి చిన్నప్పుడే తెలుసని ఒక్క మాట ఒప్పుకుంటే చాలు.

"జన్మలో ఎరగనన్నావు కదే, నిజవేనా?" అని నిలబడే అడిగాను.

"టీ పెడతానుండు" అని వంటింట్లోకి పోయింది. పుదీనా వేసిన టీ తెచ్చింది.

ఆవిడ ఇది చదువుతుంది, నాకు తెలుసు. అందుకే మళ్లీ అడుగుతున్నాను. ఎరగని వాసనకి, మా పేట పొడుగునా, ముక్కెందుకు మూసుకున్నావే?